గేటు దగ్గర ఆపేశారు... పాట మాత్రం లోపలికెళ్ళింది!

డిస్కో అనగానే మీకేం గుర్తొస్తుంది? గిరగిరా తిరిగే అద్దాల బంతి, ఎర్రా పచ్చా లైట్లు, తళతళలాడే చొక్కా... 'డిస్కో డాన్సర్' (1982)లో మిథున్ చక్రవర్తి, అదే కథతో తెలుగులో వచ్చిన 'డిస్కో కింగ్' (1984)లో బాలకృష్ణ! మన దాకా వచ్చేసరికి డిస్కో అంటే ఓ వేషం, ఓ హుషారు. కానీ అది పుట్టిన న్యూయార్క్‌లో దాని వెనక చాలా కథ నడిచింది. అందులో అవమానం ఉంది. పౌరుషం ఉంది. ఇద్దరు మిత్రుల మధ్య ఇరవై ఆరేళ్ళ స్నేహం ఉంది.

ఆ కథంతా ఒక్క ఎల్.పి. రికార్డులో ఇమిడిపోయింది. దాని పేరు 'సె షీక్'. 1978 ఆగస్టులో అట్లాంటిక్ కంపెనీ విడుదల చేసింది. బృందం పేరు 'షీక్'. ఫ్రెంచి భాషలో షీక్ అంటే సొగసు, నాజూకు. మన మాటల్లో చెప్పాలంటే షోకు! 'సె షీక్' అంటే 'ఇదీ షోకంటే!' అన్నమాట. పేరు పెట్టడంలోనే ఎంత ధీమానో చూడండి.

సూటు వేసుకున్న కుర్రాళ్ళు

గిటారు వాయించే నైల్ రాడ్జర్స్, బేస్ గిటారు వాయించే బెర్నార్డ్ ఎడ్వర్డ్స్. వీళ్ళిద్దరే షీక్‌కి ప్రాణం. ఇద్దరూ 1952లోనే పుట్టారు. నైల్ న్యూయార్క్ కుర్రాడు. బెర్నార్డ్ ఉత్తర కెరొలైనాలోని గ్రీన్‌విల్‌లో పుట్టాడు. ఇద్దరూ నల్లజాతివాళ్ళు. నైల్ టీనేజిలో బ్లాక్ పాంథర్ పార్టీలో తిరిగాడు. పిల్లల టీవీ కార్యక్రమం 'సెసమీ స్ట్రీట్' వాళ్ళు ఊరూరా ఇచ్చిన ప్రదర్శనల్లో గిటారు వాయించాడు. తర్వాత హార్లెమ్‌లో పేరుమోసిన అపోలో థియేటర్ ఆర్కెస్ట్రాలో చేరాడు. ఎవరు పాడితే వాళ్ళ వెనక నిలబడి వాయించడం, కూలి డబ్బులు తీసుకుని ఇంటికెళ్ళడం - అదీ ఉద్యోగం!

1970 ప్రాంతంలో బెర్నార్డ్ పరిచయమయ్యాడు. నైల్‌కి జాజ్ సంగీతం మీద మోజు. చేతిలో బొద్దుగా ఉండే జాజ్ గిటారు. "అది కాదు, స్ట్రాటోకాస్టర్ తీసుకో" అని సలహా ఇచ్చినవాడు బెర్నార్డ్. ఫ్లోరిడాలోని మయామి బీచ్‌లో ఒక దుకాణానికి వెళ్ళి నైల్ తన గిటారు ఇచ్చేసి ఓ పాత తెల్ల స్ట్రాటోకాస్టర్ పుచ్చుకున్నాడు. దాన్నే తర్వాత 'హిట్‌మేకర్' అని పిలిచారు. ఎందుకు పిలిచారో ముందు ముందు మీకే తెలుస్తుంది!

వీళ్ళు మొదట పెట్టుకున్న పేరు 'బిగ్ యాపిల్ బ్యాండ్'. తీరా 1976లో వాల్టర్ మర్ఫీ అనే ఆయన అదే పేరున్న ఇంకో బృందంతో బీథోవెన్ బాణీని డిస్కోగా మార్చి పెద్ద హిట్టు కొట్టాడు. పేరు పోయింది! అప్పుడు పుట్టింది 'షీక్'. లండన్‌లో రాక్సీ మ్యూజిక్ అనే బృందం కచేరీ చూసిన నైల్ వాళ్ళ దుస్తులూ దర్జా చూసి ముగ్ధుడైపోయాడు. ఇంకోపక్క మొహానికి రంగులు పూసుకుని వేదికెక్కే 'కిస్' బృందం. మేకప్ తీసేస్తే వాళ్ళెవరో ఎవరికీ తెలియదు! ఈ రెండూ కలిపితే నైల్‌కి ఓ ఆలోచన తట్టింది. మన మొహాలు ఎవరికీ తెలియక్కర్లేదు. మంచి సూట్లు, మంచి పాట - అంతే చాలు.

ఆ సూట్ల వెనక ఇంకో సంగతి ఉంది. అమెరికాలో నల్లవాళ్ళు హుందాగా కనబడటం కూడా ఓ పంతమే. తాతల కాలం నాటి జాజ్ విద్వాంసులు కోటూ టై లేకుండా వేదిక ఎక్కేవారు కారు. షీక్ ఆ దర్జాని డిస్కోలోకి తెచ్చింది. 1977లో వచ్చిన వాళ్ళ తొలి హిట్టు 'డాన్స్, డాన్స్, డాన్స్' అమెరికా పట్టికలో ఆరో స్థానం దాకా వెళ్ళింది.

ఆ రాత్రి ఏం జరిగింది?

1977 డిసెంబరు 31. న్యూయార్క్ మన్‌హాటన్‌లో 54వ వీధి. అక్కడ 'స్టూడియో 54' అనే డిస్కో క్లబ్బు ఆ ఏడాది ఏప్రిల్‌లోనే తెరిచారు. అప్పటికే ప్రపంచమంతా దాని పేరే! సినిమా తారలు, కోటీశ్వరులు, చిత్రకారులు - అందరూ అక్కడే. రిలీజు రోజు మొదటి ఆట దగ్గర తోపులాట మనకి తెలుసు కదా, అక్కడ రోజూ అంతే. ఒకటే తేడా. ఇక్కడ టిక్కెట్టుంటే గేటుకీపరు వదులుతాడు. అక్కడ మనిషిని ఎగాదిగా చూసి, నచ్చితేనే వదులుతారు! యజమానుల్లో ఒకడైన స్టీవ్ రూబెల్ స్వయంగా గుమ్మంలో నిలబడి "నువ్వు రా, నువ్వు వద్దు" అని ఏరేవాడు.

ఆ రాత్రి లోపల గాయని గ్రేస్ జోన్స్ కార్యక్రమం. షీక్ చేత తన రికార్డు చేయించుకోవాలని ఆమెకి ఉంది. "వచ్చి నా ప్రోగ్రాం చూడండి" అని నైల్‌నీ బెర్నార్డ్‌నీ పిలిచింది. మిత్రులిద్దరూ ఉన్నవాటిలో ఖరీదైన సూట్లు తొడుక్కుని, చలిలో పడి వెళ్ళారు. తీరా చూస్తే గేటు దగ్గర జాబితాలో వాళ్ళ పేర్లు లేవు! చెప్పి చూశారు. బతిమాలి చూశారు. కాపలావాడు రాయడానికి వీల్లేని ఓ బూతుమాటతో పొమ్మన్నాడు. తలుపు మొహాన్నే పడింది.

ఎలా ఉంటుందో ఆలోచించండి. డిస్కోల్లో మోగుతున్నది వీళ్ళ పాట. జనం ఆడుతున్నది వీళ్ళ తాళానికి. అక్కడికి రావడానికి మాత్రం వీళ్ళు పనికిరారు!

ఇంకొకళ్ళయితే గొడవ పెట్టుకునేవారేమో. వీళ్ళు దగ్గర్లోనే ఉన్న నైల్ ఇంటికెళ్ళారు. షాంపేన్ సీసాలు తెచ్చుకుని, వాద్యాలు తీసి, ఆ కాపలావాడన్న బూతుమాటనే పల్లవిగా పెట్టి వాయించడం మొదలెట్టారు. కోపం తీరే దాకా అరిచారు. అరవగా అరవగా బెర్నార్డ్‌కి తట్టింది - ఇదేదో బాణీ బాగుందే! కానీ ఆ మాట రేడియోలో వెయ్యరు కదా? మాట మార్చారు. అప్పట్లో కుర్రకారు తెగ ఆడుతున్న ఓ నాట్యం పేరు 'ఫ్రీక్'. దాన్ని తెచ్చి బూతుమాట ఉన్నచోట కూర్చోబెట్టారు. తిట్టు కాస్తా ఆహ్వానమైంది! 'పో' అన్నమాట 'రా, ఆడు' అయింది. అదే 'లె ఫ్రీక్'.

పాట మధ్యలో 'సవాయ్' అనే పేరు వినిపిస్తుంది. ఎందుకో తెలుసా? సవాయ్ అంటే హార్లెమ్‌లో 1926 నుంచి 1958 దాకా నడిచిన పెద్ద నాట్యశాల. తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ వేరు వేరు గుమ్మాలుండే ఆ రోజుల్లో, సవాయ్‌లో అందరికీ ఒకటే గుమ్మం, ఒకటే నేల. గేటు దగ్గర అవమానం పొందినవాళ్ళు ఆ పేరు తలుచుకున్నారంటే, ఎవరికి తగలాలో వాళ్ళకి తగులుతుంది. ప్రతి పాటలోనూ పైకి కనబడని అర్థం ఒకటి ఉండాలన్నది నైల్, బెర్నార్డ్ పెట్టుకున్న నియమం. ఆడేవాళ్ళు ఆడతారు, వినేవాళ్ళకి వినబడుతుంది!

గది ఖాళీ... ఆ తర్వాత గల్లా గలగల!

పాట తయారైంది. అట్లాంటిక్ కంపెనీ పెద్దలకి వినిపించారు. నైల్ 2011లో రాసుకున్న ఆత్మకథ (దానికీ 'లె ఫ్రీక్' అనే పేరు!) ప్రకారం, పాట పూర్తయ్యేలోపు ఒక్కొక్కరే లేచి బయటికెళ్ళి, గది దాదాపు ఖాళీ అయిపోయింది. ఈ పాట బాగా లేదని వీళ్ళకి ఎలా చెప్పాలా అని బయట తర్జనభర్జన! మన సినిమాల్లోనూ ఇది కొత్తేం కాదు లెండి. ప్రివ్యూలో పెదవి విరిచిన బొమ్మలు వందరోజులాడిన సంగతి మీకు తెలియంది కాదు.

'లె ఫ్రీక్' 1978 డిసెంబరు 9న అమెరికా పట్టికలో మొదటి స్థానానికి చేరింది. వారం తిరక్కుండానే కిందికి దిగింది. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ దిగింది. ముచ్చటగా మూడోసారి కూడా ఎక్కింది! మొత్తం ఆరు వారాలు మొదటి స్థానం. ఒకే పాట మూడు విడతలుగా శిఖరమెక్కడం ఆ పట్టికలో అదే మొదటిసారి. 1990లో మడోన్నా 'వోగ్' వచ్చే దాకా వార్నర్ కంపెనీల సింగిల్ రికార్డుల్లో అమ్మకాల్లో దీన్ని మించింది లేదు. ఇక 'సె షీక్' ఎల్.పి. నల్లజాతి సంగీత పట్టికలో మొదటి స్థానం, అన్ని రకాల ఆల్బమ్‌లూ ఉండే పట్టికలో నాలుగో స్థానం సాధించి ప్లాటినం రికార్డయింది. అంటే పది లక్షల పైమాటే!

అన్నట్టు ఇంకో తమాషా. పాట మొదటిసారి శిఖరమెక్కిన ఐదో రోజున, డిసెంబరు 14న, ఆదాయపు పన్నువాళ్ళు స్టూడియో 54 మీద దాడి చేశారు! లెక్కల్లో చూపని డబ్బు దొరికింది. యజమానులు స్టీవ్ రూబెల్, ఇయాన్ ష్రేగర్ ఇద్దరూ 1980లో పన్ను ఎగవేత కేసులో జైలుకెళ్ళారు. అదే భవనం 1998 నుంచి నాటకశాల. టిక్కెట్టు కొన్నవాళ్ళెవరైనా దర్జాగా లోపలికెళ్ళొచ్చు!

ఇంతకీ ఆ రికార్డులో ఏముంది?

ఎనిమిది పాటలు. 'పవర్ స్టేషన్' అనే స్టూడియోలో తయారయ్యాయి. ఒకప్పుడు అది నిజంగానే కరెంటు కంపెనీ భవనం.

సోల్, ఫంక్, డిస్కో అని మూడు మాటలు వింటుంటాం. తేడా ఏమిటంటారా? చర్చిలో నల్లవాళ్ళు గుండె కరిగేలా పాడే భక్తిపాటల గొంతు బయటికొచ్చి ప్రేమ గురించి పాడితే సోల్. రాగం కన్నా తాళానికే పెద్దపీట వేసి, ప్రతి వాద్యాన్నీ తాళవాద్యంలా వాయిస్తే ఫంక్. దాన్ని నాలుగు సమానమైన దెబ్బల మీద నిలబెట్టి, వయొలిన్లు జోడించి, తెల్లారే దాకా ఆడేటట్టు చేస్తే డిస్కో. 'సె షీక్'లో మూడూ ఉన్నాయి.

నైల్ గిటారు వినండి. కుడిచెయ్యి క్షణం ఆగదు. పైకీ కిందకీ తీగల మీద ఆడుతూనే ఉంటుంది. ఎడంచెయ్యి నొక్కినప్పుడు స్వరం పలుకుతుంది, వదిలినప్పుడు 'చిక్ చిక్' మంటుంది. ఆ గిటారు వీణ పని చెయ్యదు, కంజీర పని చేస్తుంది! ఈ వాయింపు నేర్పింది బెర్నార్డే అని నైల్ ఎన్నోసార్లు చెప్పాడు. కింద బెర్నార్డ్ బేస్. మామూలుగా బేస్ అంటే పాట వెనక ఎక్కడో గుయ్‌మంటూ ఉంటుంది. ఇతగాడి బేస్ మాత్రం తనే ఓ పాట పాడుకుంటూ పోతుంది. ఈ ఇద్దరినీ పట్టి నిలిపేది టోనీ థాంప్సన్ డ్రమ్స్. గొంతులు ఆల్ఫా ఆండర్సన్, లూసీ మార్టిన్‌లవి. వెనక కోరస్‌లో ఓ కుర్రాడున్నాడు - లూథర్ వాండ్రాస్. తర్వాత అతనే పెద్ద గాయకుడయ్యాడు!

ఇంకో కిటుకుంది. పాట మంచి జోరులో ఉండగా వాద్యాలు ఉన్నట్టుండి ఆగిపోతాయి. ఒకటో రెండో మిగులుతాయి. ఆ తర్వాత ఒక్కొక్కటీ వచ్చి కలుస్తుంది. అందరూ కలిసేసరికి ఒళ్ళు ఝల్లుమంటుంది. తనియావర్తనం తర్వాత పల్లవి అందుకున్నప్పుడు సభలో చప్పట్లు మోగుతాయి చూడండి, అలాగన్నమాట.

రికార్డంతా గంతులే అనుకునేరు! 'ఐ వాంట్ యువర్ లవ్'లో గొట్టపు గంటల నాదం గుండెల్లో దిగులు పుట్టిస్తుంది. ఆ పాటా అమెరికాలో ఏడో స్థానం దాకా వెళ్ళింది. ఇక 'ఎట్ లాస్ట్ ఐ యామ్ ఫ్రీ' ఏడు నిమిషాల పైచిలుకు నింపాదిగా సాగే విషాద గీతం. పేరేమో 'చివరికి విముక్తి'. పాడే గొంతులో మాత్రం కన్నీళ్ళు. డిస్కో అంటే గిట్టనివాళ్ళు కూడా ఆ పాట విని ఊరుకోలేకపోయారు. ఇంగ్లండులో రాబర్ట్ వయాట్ అనే గాయకుడు దాన్ని తన పద్ధతిలో మళ్ళీ పాడి 1980లో విడుదల చేశాడు.

రెండో గేటు

1979 జూలై 12. చికాగోలో కోమిస్కీ పార్క్ అనే బేస్‌బాల్ స్టేడియం. డిస్కో అంటే మండిపడే స్టీవ్ డాల్ అనే రేడియో వ్యాఖ్యాత ఓ పిలుపిచ్చాడు. డిస్కో రికార్డొకటి తెస్తే టిక్కెట్టు 98 సెంట్లే! మైదానం నడిమధ్య ఆ రికార్డులన్నీ పేల్చేస్తాం! యాభై వేలమంది దాకా వచ్చిపడ్డారు. పేల్చారు. వేలమంది మైదానంలోకి దూకారు. పోలీసులొచ్చి తరిమారు. రెండో ఆట జరగనేలేదు.

ఆ రోజు స్టేడియంలో విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడు జనానికి సీట్లు చూపించే పనిలో ఉన్నాడు. జనం తెచ్చినవాటిలో డిస్కోతో సంబంధం లేని నల్లవాళ్ళ రికార్డులు ఎన్నో ఉండటం తన కళ్ళతో చూశానని అతను తర్వాత చెప్పాడు. అంటే కోపం ఒక్క తాళం మీదే కాదన్నమాట! (అన్నట్టు ఆ కుర్రాడే పెద్దయ్యాక చికాగోలో 'హౌస్' అనే కొత్త నాట్య సంగీతానికి ఆద్యుల్లో ఒకడయ్యాడు.)

అప్పటికే షీక్ కొత్త పాట 'గుడ్ టైమ్స్' రేడియోల్లో మోగుతోంది. ఆగస్టు 18న మొదటి స్థానానికొచ్చింది. ఒక్క వారమే! ఆ తర్వాత రేడియో స్టేషన్లు డిస్కో అన్నమాట వింటేనే తలుపులు మూసేశాయి. షీక్ పాట ఏదీ మళ్ళీ అమెరికా మొదటి నలభైలో అడుగుపెట్టలేదు. తొమ్మిది నెలల కిందట నెత్తినెక్కించుకున్న జనమే మొహం చాటేశారు. మొదటి గేటు ఒక క్లబ్బుది. ఈసారి మూసుకున్నది దేశమంతా!

పేరు పరాయిది... తాళం వీళ్ళది!

అయితే పాటకి పాస్‌పోర్టు అక్కర్లేదు. 'గుడ్ టైమ్స్'లోని బెర్నార్డ్ బేస్ బాణీ మీద 1979 సెప్టెంబరులో షుగర్‌హిల్ గ్యాంగ్ 'రాపర్స్ డిలైట్' చేసింది. ర్యాప్ సంగీతాన్ని ప్రపంచానికి పరిచయం చేసిన తొలి పెద్ద హిట్టు అది. మొదట వీళ్ళ పేర్లు వెయ్యలేదు. నైల్, బెర్నార్డ్ కోర్టుకెక్కుతామన్నాక వేశారు. 1980లో ఇంగ్లండు రాక్ బృందం క్వీన్ 'అనదర్ వన్ బైట్స్ ది డస్ట్' విడుదల చేసింది. అందులోని బేస్ వినండి, బెర్నార్డ్ నీడ కనబడుతుంది.

ఇక తెర వెనక పని చూడండి. సిస్టర్ స్లెడ్జ్ 'వుయ్ ఆర్ ఫ్యామిలీ' (1979), డయానా రాస్ 'డయానా' (1980) మిత్రులిద్దరూ కలిసి చేసినవి. డేవిడ్ బోవీకి ఆయన జీవితంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన 'లెట్స్ డాన్స్' (1983), మడోన్నాని ఆకాశానికెత్తిన 'లైక్ ఎ వర్జిన్' (1984) నైల్ నిర్మాణం. రాబర్ట్ పామర్ 'అడిక్టెడ్ టు లవ్' బెర్నార్డ్ చలవ. డిస్కో చచ్చిపోయిందని పండగ చేసుకున్నవాళ్ళు ఆ తర్వాత పదేళ్ళూ ఈ ఇద్దరి తాళానికే ఆడారు. వాళ్ళకి తెలియదంతే!

టోక్యోలో ఆఖరి రాత్రి

1996 ఏప్రిల్ 17. జపాన్‌లో టోక్యో బుడోకాన్ హాల్లో నైల్‌కి సన్మానంగా కచేరీ. బెర్నార్డ్‌కి ఒంట్లో బాగా లేదు. వద్దన్నా వినకుండా వేదికెక్కాడు. వాయిస్తుండగా ఒకచోట బేస్ ఆగిపోయింది. నైల్ అనుకున్నాడు - ఆహా, ఎంత చక్కగా వదిలాడు! మళ్ళీ ఎక్కడ అందుకుంటాడో చూద్దాం! కాసేపటికి బేస్ అందుకుంది. నిజానికి ఆ కాసేపు బెర్నార్డ్‌కి స్పృహ లేదు. మర్నాడు హోటల్ గదిలో అతను చనిపోయి ఉండటం చూసింది నైలే. న్యుమోనియా. వయసు 43.

టోనీ థాంప్సన్ 2003లో, లూథర్ వాండ్రాస్ 2005లో, ఆల్ఫా ఆండర్సన్ 2024లో కన్నుమూశారు. నైల్ క్యాన్సర్ నుంచి బయటపడ్డాడు. 2013లో డాఫ్ట్ పంక్ బృందం 'గెట్ లక్కీ'లో అదే తెల్ల గిటారుతో మళ్ళీ ప్రపంచాన్ని ఆడించాడు. 2018లో అమెరికా పార్లమెంటు గ్రంథాలయం 'లె ఫ్రీక్'ని శాశ్వతంగా భద్రపరచాల్సిన రికార్డుల్లో చేర్చింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ మాత్రం షీక్‌ని పదకొండుసార్లు పోటీలో నిలబెట్టి పదకొండుసార్లూ కాదంది. చివరికి 2017లో నైల్ ఒక్కడికే పురస్కారం ఇచ్చి ఊరుకుంది. ఆ గేటు ఇంకా తెరుచుకోలేదు!

నైల్ ఇప్పటికీ షీక్ పేరుతోనే కచేరీలు చేస్తున్నాడు. బేస్ వాయించేవాడు వేరు, బాణీ మాత్రం బెర్నార్డ్‌దే. మీకు ఎప్పుడైనా 'లె ఫ్రీక్' వినే అవకాశమొస్తే ఓ పని చెయ్యండి. మొదటిసారి హాయిగా కాళ్ళు కదపండి, అందుకోసమే చేశారు దాన్ని. రెండోసారి కదలకుండా కూర్చుని ఒక్క బేస్ మాత్రమే వినండి. పైన చప్పట్లు, కేకలు, సంబరం. కింద ఓ మనిషి తొణక్కుండా, ఎవరి మీదా కసి లేకుండా, తన పని తను చేసుకుంటూ పోతుంటాడు.